సారెలో పెట్టే కత్తిపీట తుప్పు పట్టకుండా...

అమ్మాయి కొత్త కాపురం పెడుతోందంటే మనకి చేతులు ఆగవు కదా! గిన్నెలూ, డబ్బాలూ సర్దాక, ‘అయ్యో, కత్తిపీట మరిచిపోయామే’ అని చివర్లో గుర్తొస్తుంది. హడావిడిగా తెచ్చి, కడిగి, చుట్టి పెట్టేస్తాం. నేనూ అదే చేశాను.

మా చెల్లెలి కూతురు విశాఖపట్నంలో కాపురం పెడుతుంటే కమ్మరి చేత ముచ్చటపడి చేయించిన కత్తిపీట, ఒక చాకు ఇచ్చాను. తడి పూర్తిగా ఆరకుండానే ప్లాస్టిక్ కవరులో చుట్టి, పైన రంగుకాగితం అంటించాను. ఇల్లు కుదిరి సామాను విప్పేసరికి మూడు నెలలైంది. అత్తగారి ఎదుటే విప్పిందిట. కత్తి నిండా ఎర్రటి మచ్చలు! ‘మీవాళ్ళు పాతది సర్దేశారా?’ అన్నారట ఆవిడ. పిచ్చిపిల్ల, ఆ మాట నాకు ఏడాది దాకా చెప్పనేలేదు.

తప్పు కమ్మరిది కాదు, నాది. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది పైన కంటికి కనపడని పొరలా ఏర్పడి తుప్పుని ఆపుతుంది. మామూలు ఉక్కుకి ఆ రక్షణ లేదు. గాలీ, తడీ తగిలితే చాలు, తుప్పు మొదలు. సముద్రం దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలికి మరీ త్వరగా పడుతుంది. అయినా సానపెడితే ఇట్టే పదునెక్కే ఆ గుణం కోసమే కదా మనం దాన్ని వదులుకోలేం! అందుకని ఇచ్చేముందు ఇలా చేయండి.

* గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవండి. నానబెట్టవద్దు. కత్తి చెక్కలో దిగిన చోట తడి దాక్కుంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అరగంట ఫ్యాను కింద ఉంచండి.

* అప్పటికే మచ్చలుంటే వంటసోడాని నీళ్ళతో ముద్దచేసి పీచుతో రుద్దండి. చెయ్యి తెగకుండా వెనకవైపు నుంచి, కత్తి పొడవునా రుద్దాలి. మొండి మచ్చకి నిమ్మచెక్క, ఉప్పు వాడవచ్చు. కానీ రెండు మూడు నిమిషాల్లో శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. లేకపోతే ఆ పులుపు, ఉప్పులే కొత్త తుప్పు తెస్తాయి.

* రెండు మూడు చుక్కల కొబ్బరినూనె మెత్తని గుడ్డతో పల్చగా పట్టించండి. పొద్దుతిరుగుడు నూనె నిలవుంటే జిగటగా గడ్డకడుతుంది. నెలల తరబడి విప్పరనుకుంటే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ మేలు, అది మక్కిపోదు. కుట్టుమిషను నూనె మాత్రం వద్దు, కూరలు కోసేది కదా!

* నూనె రాశాక కత్తిని చేత్తో తాకకండి. వేళ్ళ చెమటలోని ఉప్పు మచ్చ కడుతుంది.

* ముందు బటర్ పేపరు, దానిపైన మందపాటి అట్ట, ఆపైన పొడి నూలుగుడ్డ చుట్టండి. ప్లాస్టిక్ కవరు, తోలు ఒర వద్దు, రెండూ చెమ్మని పట్టి ఉంచుతాయి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన పెడితే మరీ మంచిది.

అమ్మాయి విమానంలో వెళుతుంటే కత్తిని చేతిసంచీలో పెట్టనివ్వరు, లగేజీలో వేయించండి. కత్తి ఇస్తే బంధం తెగుతుందని పెద్దవాళ్ళు శంకిస్తారా? రూపాయి బిళ్ళ తీసుకుని ‘కొనుక్కుంది’ అనిపించండి, వాళ్ళ మనసూ కుదుటపడుతుంది.

ఇంకొక్క పని. ఓ చీటీ రాసి లోపల పెట్టండి: ‘వాడేముందు సబ్బుతో కడుగు. నిమ్మకాయ, టమాటా, ఉల్లిపాయ కోసిన వెంటనే కడిగి తుడువు. సింకులో వదిలేయకు. నీలం, నలుపు కలిసిన రంగు వస్తే భయపడకు, అది తుప్పు కాదు. ఎరుపు కనిపిస్తేనే తుప్పు.’

మావాళ్ళ కత్తిపీట సంగతి అంటారా? విషయం తెలిశాక నేనే వెళ్ళి సోడాతో తోమి, నూనె పట్టించి వచ్చాను. ఇప్పుడు ఆ ఇంట్లో కూరలన్నీ దానిమీదే. వంకాయ తరగాలంటే అత్తగారు దాన్నే అడుగుతారట!