కోడ్ చెప్పింది కదా, మార్చేయ్!

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చిన దగ్గర్నుంచీ కడుపు మండిపోతోంది. మంటంతా ఇంకొకడి మీదే అయితే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. సగం నా మీదే కాబట్టి ఇక్కడ కక్కుతున్నాను, భరించండి.

సంగతేంటంటే, 2014లో కొన్న నా పెట్రోలు కారుని తమ్ముడికిచ్చేశాను. వాడికి కల్వకుర్తిలో బోరు మోటార్ల షాపు. ఇటు దేవరకొండ, అటు జడ్చర్ల, మధ్యలో తండాలూ... నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరుగుతాడు. పోయిన వానాకాలం చివర్లో ఇంజిన్ లైటు వెలిగింది, లీటరుకి 16 ఇచ్చే బండి 13కి పడింది. లెక్కేసుకోండి, నెలకి 29 లీటర్లు అదనం. లీటరు వంద దాటిన రోజుల్లో మూడు వేల రూపాయలు పొగగొట్టం పాలు.

"అన్నా, జడ్చర్లల మనోడు ఒకడున్నడు, చూపెడ్త" అన్నాడు వాడు. నేనేమన్నానో తెలుసా? "చెట్టుకింద మెకానిక్కు చేతిలో ఈసీయూ పెడతావా? హైదరాబాదు తీసుకురా" అని. పైగా ఏ బంకులో పడితే ఆ బంకులో కొట్టిస్తావని క్లాసు కూడా పీకాను. వాడు ఏం మాట్లాడకుండా తెచ్చాడు.

ఇక్కడేమో పెద్ద సర్వీస్ సెంటరు. ఏసీ గది, ఉచిత కాఫీ. టై కట్టుకున్న అబ్బాయి స్కానరు పెట్టాడు, పి0171 వచ్చింది. "సిస్టమ్ లీన్ సార్, ఆక్సిజన్ సెన్సరు పోయింది." 6,800 పెట్టి మార్చారు. కోడ్ చెరిపేశారు కాబట్టి లైటు ఆరింది. ఆరు రోజులకి మళ్ళీ వెలిగింది. మళ్ళీ వెళ్తే ఈసారి క్యాటలిటిక్ కన్వర్టరు మార్చాలి, 48 వేలు అన్నారు. నేను కార్డు తీయబోయాను కూడా! తమ్ముడే "వద్దన్నా" అని బండి తోలుకుపోయాడు.

పి0171 అంటే "పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ" అని కంప్యూటరు అనుకుంటోందని అర్థం. అంతే. సెన్సరు పోయిందని అందులో ఎక్కడా లేదు. ఆ సెన్సరు పని చాలా చిన్నది. లోపల జిర్కోనియా ముక్క ఉంటుంది, 300 డిగ్రీలు దాటి వేడెక్కితే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి వోల్టేజి ఇస్తుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వైపు, గాలి ఎక్కువైతే 0.1 వైపు. బాగున్న సెన్సరు ఈ రెంటి మధ్యా ఊగుతూనే ఉంటుంది. దాన్ని చూసుకుంటూ ఈసీయూ ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి లెక్కని సరిచేస్తుంటుంది. మన భాషలో ఫీడ్‌బ్యాక్ లూపు.

పండక్కి వెళ్ళినప్పుడు జడ్చర్ల మెకానిక్ దగ్గర నేనే కూర్చున్నాను. (కాఫీ లేదు, చాయ్ ఉంది.) ఆయన దగ్గరా స్కానరుంది, ఫోనుకి కలిపే చిన్న బ్లూటూత్ ముక్క. సెన్సరు 0.1 దగ్గర అతుక్కుపోయింది, ఈసీయూ 22 శాతం పెట్రోలు అదనంగా పోస్తోంది. తర్వాత ప్లగ్గు విప్పాడు. నల్లగా మసి.

"కోడేమో పెట్రోలు తక్కువంటుంది, ప్లగ్గేమో ఎక్కువైందంటుంది. ఇద్దర్ల ఒకరు మోసపోయిన్రు సార్" అన్నాడు.

ఈ ఒక్క ప్రశ్న ఏసీ గదిలో ఎవడూ వేయలేదు. పదిహేనేళ్ళుగా ప్రొడక్షన్ బగ్గులు పట్టి బతుకుతున్న నేనూ వేయలేదు.

సర్వీస్ సెంటరు వాళ్ళు తీసేసిన పాత సెన్సరుని తమ్ముడు కవర్లో దాచాడు. ఆయన దాన్ని పట్టకారుతో పట్టి, మొన గ్యాసు మంటలో పెట్టి, వైర్లకి మల్టీమీటరు తగిలించాడు. వేడెక్కగానే 0.8 దాటింది. మంట తీయగానే టక్కున కిందకి. అంటే బంగారంలాంటి సెన్సరుని పీకేసి నా దగ్గర 6,800 తీసుకున్నారన్నమాట. "బండి ఈడ్నే ఉంచి పోండ్రి, పొద్దున ఇంజను చల్లగున్నప్పుడు చూడాలె" అన్నాడు.

పొద్దున్నే షాంపూ ప్యాకెట్టు నీళ్ళలో కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పొగగొట్టానికి కాసేపు గుడ్డ అడ్డం పెట్టించి, మానిఫోల్డు జాయింటు మీద చల్లాడు. బుడగలు! సెన్సరుకి ముందే గాస్కెట్ కాలిపోయింది. పొగ విసురు విసురుగా వస్తుంది కదా, విసురుకీ విసురుకీ మధ్య బయటి గాలి ఆ సందులోంచి లోపలికి పోతోంది. సెన్సరు ఆ గాలిని చూసి నిజమే చెప్తోంది, దాన్ని నమ్మి ఈసీయూ పెట్రోలు పోస్తోంది. ఇంకొన్నాళ్ళు అలాగే తోలి ఉంటే కాలని పెట్రోలు పోయిపోయి కన్వర్టరు నిజంగానే పోయేది. గాస్కెట్, కూలీ కలిపి 980 రూపాయలు. సాయంత్రానికి ఆ 22 శాతం కాస్తా 3కి దిగింది.

అలాగని చెట్టుకింద మెకానిక్కులందరూ ధన్వంతరులని అనట్లేదు. వైరు కోసి రెసిస్టరు కట్టి లైటు ఆర్పేసే మహానుభావులూ ఉన్నారు. ఆఫీసులో అలర్టుని మ్యూట్ చేసి టికెట్ క్లోజ్ చేసేవాళ్ళకి అన్నదమ్ములు. నా ఏడుపల్లా, అదే పని ఏసీలో జరిగితే మనం దానికి "ప్రాసెస్" అని పేరు పెట్టి కార్డు గీకడం గురించి.

మా అమ్మమ్మది మర్రిగూడ వైపు. నల్గొండ జిల్లా వాళ్ళకి నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. గ్లాసులో తేటగానే ఉండేవి. ఫ్లోరైడు కంటికి కనపడదు, కొలవాలి. ఆవిడ మోకాళ్ళు వంగిపోయేదాకా ఆ బోరు నీళ్ళని ఎవరూ కొలవలేదు, నొప్పి మాత్రలు మాత్రం ఇచ్చారు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా కొలవకుండా 48 వేలకి తలూపబోయాను చూడండీ, అదీ నా మంట.

ఇంకో మాట. జడ్చర్ల మెకానిక్ దగ్గర ఆ బండి వైరింగ్ డయాగ్రమ్ లేదు. అడిగితే ఇవ్వరట. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్లు పైచిలుకు జరిమానా వేసింది, విడిభాగాలూ డయాగ్నస్టిక్ టూల్సూ బయటి మెకానిక్కులకి అందనివ్వట్లేదనే. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. 2022 డిసెంబరులో కేంద్రం "రైట్ టు రిపేర్" పోర్టల్ కూడా తెరిచింది. జడ్చర్లలో ఆయన మాత్రం ఇప్పటికీ వైరు రంగు చూసి ఊహించుకుంటున్నాడు. లినక్సు సోర్సు, మాన్యువల్ పేజీలు, ఎవడో పుణ్యాత్ముడు రాసిపెట్టిన జవాబులు లేకపోతే మనలో ఎంతమంది ఉద్యోగం వారం నిలుస్తుంది? ఆయనకి అవేవీ ఇవ్వకుండా "చెట్టుకింద మెకానిక్కు" అని నవ్వింది మనమే.

మీలో కార్ల డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళు ఉన్నారని తెలుసు. 2014 మోడల్ పెట్రోలు బండ్లవి, జనానికి ఇవ్వడానికి అభ్యంతరం లేని వైరింగ్ డయాగ్రమ్‌లు ఏవైనా ఉంటే చెప్పండి. ఉగాదికి మళ్ళీ ఊరెళ్తున్నాను, ప్రింటు తీయించి ఇచ్చొస్తాను.