అవుట్‌పుట్ వచ్చిందా అని ఒక్కటే అడిగితే చాలదు

సిమ్యులేషన్ ల్యాబ్ ఎలా నడుస్తుందో మనందరికీ తెలుసు. సర్క్యూట్ గీస్తాం, రన్ కొడతాం, గ్రాఫ్ వస్తే స్క్రీన్‌షాట్ తీసి రికార్డులో అంటిస్తాం. రాకపోతే పక్క బ్యాచ్ వాళ్ల ఫైలు వాట్సాప్‌లో వస్తుంది. "అవుట్‌పుట్ వచ్చిందా?" "వచ్చింది సార్." సంతకం పడిపోతుంది. మొదట ఎందుకు రాలేదో, తర్వాత ఎలా వచ్చిందో అడిగేవాళ్లు లేరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ఫైలు రాకముందు తల పట్టుకుని కూర్చున్న అరగంటే అసలు ల్యాబ్. మార్కులు దానికి వెయ్యాలి.

గాల్లో మాటలు అనిపించకుండా ఒక సర్క్యూట్ తీసుకుందాం. ఐసీ 723తో రెగ్యులేటర్, 7805 లాంటి మూడు కాళ్ల రెగ్యులేటర్లు మన లీనియర్ ఐసీ ల్యాబ్‌లో ఉన్నవే. దానికి తర్వాతి మెట్టు ఎల్ఎం317తో అడ్జస్టబుల్ బెంచ్ పవర్ సప్లై. 230 వోల్టుల్ని 18కి దించే ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్, ఆ తర్వాత ఎల్ఎం317. అవుట్‌పుట్‌కీ అడ్జస్ట్ కాలుకీ మధ్య 240 ఓములు, అక్కణ్ణుంచి గ్రౌండ్‌కి ఒక పాట్. పాట్ తిప్పుతుంటే 1.25 నుంచి 15 వోల్టుల దాకా, 1 ఆంపియర్ వరకు రావాలి. కాగితం మీద ఇంతకన్నా తేలికైన సర్క్యూట్ ఉండదు.

సిమ్యులేషన్‌లో పెడితే మాత్రం తరచూ ఇలా జరుగుతుంది. 5 వోల్టుల దగ్గర గీత గీసినట్టు వస్తుంది. 15కి పెట్టి 1 ఆంపియర్ లోడ్ ఇవ్వగానే అవుట్‌పుట్ 15 అందుకోదు, పైగా రంపం పళ్లలా ఊగుతుంది. అప్పుడు మొదలవుతుంది మన వైద్యం. కెపాసిటర్‌ని 1 ఫారడ్ చేసేస్తారు. కంప్యూటర్‌లో దానికి రూపాయి ఖర్చు లేదు కదా! పళ్లు పోతాయి గానీ 15 ఇంకా రాదు. ఐసీ మోడల్ మారుస్తారు. అదీ పనిచెయ్యదు. చివరికి ఎవరో ఇన్‌పుట్‌లో 18 తీసేసి 30 కొడతారు. 15 వోల్టులు వచ్చేస్తాయి. స్క్రీన్‌షాట్. జై.

అసలు తప్పు ఎక్కడుంది? స్పైస్‌లో సైన్ సోర్స్‌కి ఇచ్చే అంకె పీక్ విలువ. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసి ఉండే 18 ఆర్ఎంఎస్. అంటే అక్కడ కొట్టాల్సింది 25.5. 18 అని కొడితే డయోడ్లు సుమారు 2 వోల్టులు తినేశాక మిగిలేది 16. ఎల్ఎం317కి తన అవుట్‌పుట్ కన్నా ఇంకో రెండు, రెండున్నర వోల్టులు ఎక్కువ ఇన్‌పుట్ ఉంటే తప్ప పని జరగదు. 15 కావాలంటే 17.5 కావాలి. 5 బాగానే వచ్చి 15 దగ్గర పడిపోవడమే ఈ జబ్బుకి గుర్తు. ఆ గుర్తు గ్రాఫ్‌లో కళ్లెదుటే ఉంది, చూసేవాళ్లు లేకపోయారు.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది అర్థం కాకపోవడం విచిత్రం. రెగ్యులేటర్ అనే మాట మనకి ఎలక్ట్రానిక్స్ నేర్పకముందే కాలవగట్టు నేర్పింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన కాలవలూ లాకులూ చేసే పని అదే. తలుపు ఎంత ఎత్తాలో లస్కరు చూసుకుంటాడు, నిజమే. గానీ తలుపు వెనకాల మట్టం లేకపోతే ఎంత ఎత్తినా శివారు చేనుకి నీళ్లు రావు. రెగ్యులేటర్ ఉన్నదాన్ని అదుపు చేస్తుంది, లేనిదాన్ని పుట్టించలేదు. శివారు ఎండితే రైతు పైకి నడుచుకుంటూ వెళ్లి ఏ తూము దగ్గర నీళ్లు ఆగాయో చూస్తాడు. సర్క్యూట్‌లో కూడా చెయ్యాల్సింది ఆ నడకే. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత ఎంత? కెపాసిటర్ మీద అతి తక్కువగా ఎంతకి దిగుతోంది? అవుట్‌పుట్‌కీ అడ్జస్ట్ కాలుకీ మధ్య 1.25 ఉందా? అది ఉంటే ఐసీ బాగానే ఉన్నట్టు, రెసిస్టర్లని అనుమానించాలి. లేకపోతే ఇన్‌పుట్ చాలడం లేదు, లేదా లోడ్ మితిమీరింది, లేదా ఐసీయే పోయింది. నాలుగు కొలతలు, అయిదు నిమిషాలు.

"ఎలాగోలా వచ్చింది కదా, ఏమైంది?" అంటారు కొందరు. ఏమవుతుందో లెక్క చూద్దాం. ఆ 30 అంకెని నమ్మి బజారులో 30 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొంటే దాని పీక్ 42 దాటుతుంది. కెపాసిటర్ 35 వోల్టులదైతే పొంగి పేలుతుంది. ఎల్ఎం317 ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య 40 వోల్టుల వరకే తట్టుకుంటుంది. పాట్‌ని కిందికి తిప్పి, లోడ్ తీసేస్తే ఆ హద్దు మీదే కూర్చుంటాం. స్క్రీన్‌షాట్‌లో పాసైన సర్క్యూట్ టేబుల్ మీద ఎవరి మొహం ముందో పేలుతుంది.

గ్రౌండ్ సంగతీ ఇంతే. గ్రౌండ్ అసలు పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ గొడవ చేస్తుంది, మంచిదే. రెండు చోట్ల పెడితేనే ప్రమాదం. సెకండరీ ఒక చివరా, బ్రిడ్జి నెగటివ్ దగ్గరా గ్రౌండ్ పెడితే ఒక డయోడ్ షార్ట్ అయిపోతుంది. ఒక అర సైకిల్‌లో సెకండరీ మొత్తం ఇంకో డయోడ్ గుండా షార్ట్. ఆ డయోడ్ కరెంట్ ప్లాట్ చేసినవాళ్లకే భయం వేస్తుంది. మిగతావాళ్లకి అవుట్‌పుట్ ఏదో వస్తూనే ఉంటుంది. నిజం ల్యాబ్‌లో సీఆర్ఓ రెండు ఛానెళ్ల గ్రౌండ్ క్లిప్పులు లోపల ఒకటే. ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా తగిలిస్తే జరిగేది అచ్చం ఇదే. స్క్రీన్ మీద ఆ తప్పు పట్టుకున్న పిల్లాడు క్లిప్ పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాడు.

ఇక సిమ్యులేషన్ దానంతట అది చెప్పని విషయాలు రెండు. ఒకటి వేడి. కెపాసిటర్ మీద సగటున 21 వోల్టులు ఉండగా 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ లాగితే ఐసీలో 16 వాట్లు కాలుతాయి. హీట్‌సింక్ లేని ఆ ప్యాకేజీ వాటుకి సుమారు 50 డిగ్రీలు వేడెక్కుతుంది. లెక్క ప్రకారం 800 డిగ్రీలు! నిజం ఐసీ అంతదాకా పోనివ్వదు, తనని తాను ఆపేసుకుంటుంది. మనం వాడే మామూలు మోడల్‌కి ఆ బాధ లేదు, 5 వోల్టుల గీత చల్లగా సాగిపోతుంది.

రెండోది మన కరెంటు. సిమ్యులేషన్‌లో ఎప్పుడూ 230 వోల్టులే. వేసవి సాయంత్రం ఫ్యాన్లూ ఏసీలూ చెరువుల మీద ఏరేటర్లూ అన్నీ ఒకేసారి తిరిగేటప్పుడు లైను చివరి ఇంట్లో 190 ఉందనుకోండి. 18 కాస్తా 15కి దిగజారుతుంది. పీక్ 21, డయోడ్లు పోగా 19. 1 ఆంపియర్ లోడ్‌కి ఆ కెపాసిటర్ మీద రిపుల్ దాదాపు 4.5 వోల్టులు. అడుగున మిగిలేది 14.5. దాంట్లోంచి 15 ఎలా వస్తుంది? సరిగ్గా 230 దగ్గర బ్రహ్మాండంగా పాసైన డిజైన్ మన ఊళ్లో ఫెయిల్. ఒక్క అంకె మార్చి మళ్లీ రన్ కొడితే ఇది ముందే తెలిసిపోతుంది. కొట్టమని ఎవరూ అడగలేదు, అంతే.

సిమ్యులేషన్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఒక టేబుల్‌కి ఆరుగురు నిలబడే ల్యాబ్‌లో మీటర్ చేతికి దక్కనివాళ్లకి అది వరం. 2020లో ల్యాబులు మూతపడ్డప్పుడు చదువు ఆగకుండా కాపాడింది కూడా అదే. పైగా స్పైస్ పుట్టిందే తప్పులు వెతకడానికి. 1973లో బర్కిలీలో లారెన్స్ నాగెల్, ఆయన గురువు డొనాల్డ్ పెడర్సన్ దాన్ని బయటికి తెచ్చారు. చిప్ ఒకసారి తయారయ్యాక తీగ పీకి ఇంకోచోట పెట్టలేం కాబట్టి, తప్పు ఏదైనా ఉంటే ముందే దొరకాలని. అలాంటి పనిముట్టుని మనం రికార్డులో బొమ్మలకి వాడుకుంటున్నాం.

అందుకే మా అధ్యాపకులకి మూడు మనవులు. ఇంటర్నల్ పరీక్షలో ఖాళీ పేజీ బదులు ఒక తప్పు దాచిన సర్క్యూట్ ఇవ్వండి. పదిలో ఆరు మార్కులు ఏది ముందు కొలిచారు, ఎందుకు కొలిచారు అన్నదానికి వెయ్యండి, నాలుగు అవుట్‌పుట్‌కి. ప్రతి పవర్ సప్లై రికార్డులో 190 దగ్గరా 250 దగ్గరా తీసిన గ్రాఫులు, ఐసీలో కాలే వాట్ల లెక్క ఉండాలనండి. సెమిస్టర్‌కి ఒక్క సర్క్యూట్ అయినా స్క్రీన్ దిగి బోర్డు మీదకి రావాలి. 317 ఏమీ బంగారం కాదు, ఒకటి పోయినా కొంప మునగదు.

తప్పులు దాచిన సర్క్యూట్లు తయారు చెయ్యడానికి టైమెక్కడిదంటారేమో. ఆ పని సీనియర్లకి అప్పగించండి. జూనియర్లని ఏడిపించే అవకాశం ఇస్తే మావాళ్లు రాత్రికి రాత్రి ఇరవై చేసిపెడతారు. మొదటిది నేనే ఇస్తాను. పాట్ విలువ దగ్గర 5 కిలో ఓములకి బదులు 5 పక్కన పెద్ద ‘ఎం’ ఉంటుంది. ఎల్‌టీస్పైస్‌లో అది మెగా కాదు, మిల్లీ. అవుట్‌పుట్ 1.25 దగ్గరే ఆగిపోతుంది. ఎందుకో తెలిసిపోయింది కాబట్టి ఇది మీకు లెక్కలోకి రాదు. మిగతా పంతొమ్మిదీ పట్టుకోండి చూద్దాం.