గ్యాస్ట్రిక్ బెలూన్

గ్యాస్ట్రిక్ బెలూన్ అనేది స్థూలకాయాన్ని తగ్గించడానికి కడుపును కోయకుండా జీర్ణాశయంలో తాత్కాలికంగా ఉంచే బుడగ. దీనిని వాడుకలో కడుపు బెలూన్ అని కూడా అంటారు. ఇది జీర్ణాశయంలో కొంత చోటు ఆక్రమించి, ఆహారం కిందికి దిగే వేగాన్ని తగ్గించి, కొద్దిపాటి తిండితోనే కడుపు నిండిన భావన కలిగిస్తుంది.

పనిచేసే విధానం

ముడిచిన బుడగను నోటి ద్వారా దించి, ఎండోస్కోపుతో చూస్తూ 400 నుండి 700 మిల్లీలీటర్ల సెలైన్‌తో నింపుతారు. అందులో మిథిలీన్ బ్లూ అనే రంగు కలుపుతారు. బుడగకు చిల్లి పడితే మూత్రం నీలి-ఆకుపచ్చ రంగుకు మారుతుంది కనుక రోగికి ముందే తెలుస్తుంది. సాధారణ రకాన్ని ఆరు నెలలకు తీసివేయాలి. మాత్రలా మింగే మరొక రకం సుమారు నాలుగు నెలలకు దానంతటదే ఖాళీ అయి మలంతో బయటకు పోతుంది. మొదటి వారంలో వాంతులు, కడుపునొప్పి సర్వసాధారణం.

చరిత్ర, వివాదాలు

అమెరికాలో 1985లో అనుమతి పొందిన గారెన్-ఎడ్వర్డ్స్ బుడగ, పుండ్లు, పేగులకు అడ్డుపడటం వంటి సమస్యల వల్ల 1988 నాటికి అమ్మకం నుండి తొలగింది. ఆహార నియమం కంటే అది ఎక్కువ మేలు చేయలేదని కూడా పరిశోధనల్లో తేలింది. 2015లో ఆర్బెరా అనే కొత్త బుడగకు అక్కడ అనుమతి లభించింది. దీనితో ఆరు నెలల్లో శరీర బరువులో సుమారు పదోవంతు తగ్గుతుంది. తీసివేశాక కొంత బరువు తిరిగి రావడం మామూలే. 2016 నుండి బుడగ పెట్టిన నెలలోపే ఐదుగురు మరణించినట్లు నివేదికలు అందాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017 ఆగస్టులో ప్రకటించింది. ఆ మరణాలకు బుడగే కారణమని మాత్రం నిర్ధారించలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో పరిస్థితి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువు లేదా స్థూలకాయం కలవారు. దేశ సగటు 24 శాతం. అదే సర్వేలో 14.8 శాతం స్త్రీలు ఉండవలసినదానికంటే తక్కువ బరువు ఉన్నారు. ఒకే రాష్ట్రంలో రెండు సమస్యలూ ఉన్నాయన్నమాట.

ప్రకటనలు "కోత లేదు, కుట్టు లేదు" అన్నంతవరకు నిజమే. అయితే జారిన బుడగ పేగుకు అడ్డుపడినా, జీర్ణాశయానికి రంధ్రం పడినా గంటల్లో వైద్యం అందాలి. విశాఖపట్నం వాసికి ఇది పెద్ద కష్టం కాదు. కొయ్యూరు వంటి ఏజెన్సీ మండలంలో ఉన్న రోగి మాత్రం ముందు నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రికి, అక్కడినుండి విశాఖపట్నానికి చేరవలసి రావచ్చు. కనుక బుడగ పెట్టించుకునేవారు ధరతోపాటు, అర్ధరాత్రి ఎండోస్కోపీ చేసే ఆసుపత్రి ఎంత దూరంలో ఉందో కూడా అడిగి తెలుసుకోవాలి. గర్భిణులకు, జీర్ణాశయంలో పుండు ఉన్నవారికి, గతంలో జీర్ణాశయ శస్త్రచికిత్స జరిగినవారికి ఈ చికిత్స తగదు.

2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు భారతదేశంలో విడుదలైన తరువాత బరువు తగ్గడానికి బుడగ అవసరం లేని మరొక మార్గం ఏర్పడింది. వాటిని ఆపినా బరువు తిరిగి పెరగవచ్చు.