దుబాసీ నటుడు

బ్రిటన్‌లో టెలివిజన్ చూస్తూ పెరిగిన ఒక తరానికి ఫిలిప్ మాడక్ అనగానే గుర్తొచ్చేది ఒక జర్మన్ జలాంతర్గామి కెప్టెన్. బీబీసీ హాస్య ధారావాహిక 'డాడ్స్ ఆర్మీ'లో 1973 అక్టోబరు 31న ప్రసారమైన భాగంలో ఆయన ఆ వేషం వేశారు. పట్టుబడిన శత్రువు. అయినా బెదరడు. యుద్ధం గెలిచాక ఎవరెవరి లెక్క తేల్చాలో పేర్లు రాసుకుంటుంటాడు. తన నాయకుణ్ని ఎగతాళి చేస్తూ పాట పాడిన కుర్రవాడి పేరు అడుగుతాడు. చెప్పొద్దని కుర్రవాణ్ని హెచ్చరించబోయి, బ్రిటిష్ కెప్టెన్ కంగారులో ఆ పేరు తనే పలికేస్తాడు. అర్ధశతాబ్దం దాటినా ఇంగ్లండులో జనం ఆ ఒక్క క్షణాన్ని చెప్పుకుని నవ్వుతూనే ఉన్నారు. నవ్వించినవాడు ఆ బ్రిటిష్ కెప్టెన్ వేషం వేసిన ఆర్థర్ లో అనే నటుడు. కానీ ఆ నవ్వు పండాలంటే ఎదుట నిజమైన భయం ఉండాలి. గొంతు పెంచకుండా, ముఖంలో గీత కదలకుండా ఆ భయాన్ని నిలబెట్టినవాడు మాడక్.

ఆయన జర్మన్ కాదు. వేల్స్‌లోని మెర్థిర్ టిడ్విల్‌లో 1934 జులై 5న పుట్టిన వెల్ష్ మనిషి. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి ఇనుము పోసిన ఊరది. కార్ఖానాలు ఆసాములను కోటీశ్వరులను చేశాయి, కార్మికులను ఇరుకు వీధుల్లో వదిలేశాయి. ఒక ఆసామి 1825లో కట్టించుకున్న కవార్త్వా కోటలో తర్వాత బడి పెట్టారు. మాడక్ చదివింది ఆ బడిలోనే. ఆయన పుట్టేనాటికి కొలుములు చాలావరకు చల్లారాయి, ఊరినిండా నిరుద్యోగం. వీధుల్లో వెల్ష్ తగ్గి ఇంగ్లీషు పెరుగుతున్న కాలం. 1911 జనాభా లెక్కల్లో వేల్స్ ప్రజల్లో నూటికి 43 మందికి పైగా వెల్ష్ మాట్లాడేవారు. 2021 నాటికి అది 17.8 శాతానికి పడింది. మాడక్ జీవితం సరిగ్గా ఈ రెండు అంకెల నడుమ సాగింది. ఆయన నటజీవితాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూడటం మాకు సాధ్యం కాదు.

కార్డిఫ్‌లోనూ, ఆపైన వియన్నాలోనూ భాషలు చదివారు. ఏడు భాషలు మాట్లాడేవారు, వాటిలో రష్యన్, స్వీడిష్ కూడా ఉన్నాయి. మొదటి ఉద్యోగం దుబాసీగా. రాజకీయ నాయకుల మాటలను ఒక భాషలోంచి మరో భాషలోకి మార్చి చెప్పే ఆ పని మీద ఆయనకు త్వరలోనే విసుగు పుట్టింది. ఎందుకు పుట్టదు? దుబాసీ తన గొంతును ఇంకొకరి మాటకు అద్దెకివ్వాలి. ఆ మాట డొల్ల అని తెలిసినా దిద్దడానికి వీల్లేదు. ఆ కొలువు వదిలేసి లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమటిక్ ఆర్ట్‌లో చేరారు. నటుడూ పరాయి మాటే పలుకుతాడు. కానీ ఆ మాట ఎక్కడ నుంచి పుట్టిందో వెతికే హక్కు నటుడికి ఉంది. మాడక్ ఆ వెతుకులాట కోసమే వచ్చారని ఆయన పాత్రలు చూస్తే మాకు తోస్తుంది.

రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో పనిచేశారు. రంగస్థలం మీద 'ఒథెల్లో'లోని ఇయాగో వేశారు. కానీ ఇంటింటికీ తెలిసింది టెలివిజన్ వల్లే. అక్కడ వచ్చినవి ఎక్కువగా పరదేశి వేషాలు, ప్రతినాయక వేషాలు. సైన్స్ ఫిక్షన్ ధారావాహిక 'డాక్టర్ హూ'లో 1969లో యుద్ధాలను ఆటలా నడిపించే అధిపతి, 1976లో శవాల ముక్కలు కుట్టి దేహం తయారుచేసే శాస్త్రవేత్త సోలన్. 1971లో బీబీసీ తీసిన 'ద లాస్ట్ ఆఫ్ ద మోహికన్స్'లో హ్యూరన్ యోధుడు మాగ్వా. వెల్ష్ గొంతును వెల్ష్ మనిషిగా వినడానికి ఇంగ్లీషు టెలివిజన్‌కు అప్పుడు అంత ఆసక్తి లేదు. నల్లటి కళ్లు, గంభీరమైన కంఠం, ఏ యాసనైనా పట్టేసే నాలుక ఉన్న మనిషి దొరికితే, అతన్ని ఇంగ్లండు బయటి ప్రపంచం మొత్తానికి ప్రతినిధిని చేసేసింది. మాడక్ ఆ వేషాలను చిన్నచూపు చూడలేదు. సోలన్‌ను చూడండి. పిచ్చి శాస్త్రవేత్త అనగానే అరుపులు, కేకలు ఆశిస్తాం. ఆయన ఆ పాత్రకు పనివాడి శ్రద్ధ ఇచ్చారు, తన పని చెడుతుంటే కలిగే దుఃఖం ఇచ్చారు. అందుకే ఆ విలన్ ఇప్పటికీ వెన్ను జలదరింపజేస్తాడు.

1981లో సొంత మనిషి వేషం దక్కింది. బీబీసీ వేల్స్ తొమ్మిది భాగాలుగా తీసిన 'ద లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ డేవిడ్ లాయిడ్ జార్జ్'లో ఆయనే లాయిడ్ జార్జ్. రచన ఎలేన్ మోర్గన్, ఆమెదీ దక్షిణ వేల్సే. ఇంగ్లీషు మాతృభాష కాని ఒకే ఒక్క బ్రిటిష్ ప్రధాని లాయిడ్ జార్జ్. ఇంట్లో వెల్ష్, పార్లమెంటులో ఇంగ్లీషు. రాజకీయ నాయకుల మాటలు మోయలేక కొలువు వదిలేసిన దుబాసీకి, మాటతోనే దేశాన్ని ఏలిన రాజకీయ నాయకుడి వేషం! ఆ మాటకారితనంలోని మోహాన్నీ మోసాన్నీ రెండింటినీ లోపలి నుంచి ఎరిగిన నటుడు కాబట్టే ఆ మనిషి దేవుడూ కాలేదు, దొంగా కాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వేల్స్‌లో మరో కథ జరుగుతోంది. వెల్ష్‌కు ప్రత్యేక టీవీ చానెల్ ఇస్తామన్న ఎన్నికల వాగ్దానం నుంచి థాచర్ ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ప్లైడ్ కమ్రి పార్టీ తరఫున తొలిసారి పార్లమెంటుకు వెళ్లిన గ్విన్వర్ ఎవాన్స్, 1980 అక్టోబరు 6 నుంచి ఆమరణ నిరాహార దీక్ష చేస్తానని ప్రకటించారు. సెప్టెంబరు 17నే ప్రభుత్వం దిగివచ్చింది. దీక్ష మొదలుపెట్టాల్సిన అవసరమే రాలేదు. తెలుగువాళ్లం ఇది చదివి మామూలుగా పేజీ తిప్పలేం. పొట్టి శ్రీరాములు విషయంలో ఢిల్లీ అలా ముందే మేలుకోలేదు. ఆయన 1952 డిసెంబరు 15న కన్నుమూశాకే కదిలింది. మనం రాష్ట్రం అడిగాం, వాళ్లు అడిగింది చానెల్. 1982 నవంబరు 1న ఆ వెల్ష్ చానెల్, ఎస్‌ఫోర్‌సి, ప్రసారాలు మొదలయ్యాయి.

ఆ చానెల్ మాడక్‌కు ఇచ్చిన పాత్ర డిటెక్టివ్ నోయల్ బెయిన్. భార్య పోయిన పోలీసు అధికారి, ఎదిగే కూతుర్ని ఒంటరిగా పెంచుకుంటూ హత్య కేసులు తేలుస్తుంటాడు. ఇంగ్లీషులో ఆ ధారావాహిక పేరు 'ఎ మైండ్ టు కిల్'. 1990ల నడుమ నుంచి కొత్త శతాబ్దం తొలి ఏళ్ల దాకా నడిచింది. డబ్బింగ్ లేదు. ప్రతి సన్నివేశాన్నీ వెల్ష్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి నటించి తీశారు. వెల్ష్ రూపం ఎస్‌ఫోర్‌సిలో, ఇంగ్లీషు రూపం చానెల్ ఫైవ్‌లో. చిన్న భాష చానెల్‌కు డబ్బు తక్కువ. బయట అమ్ముడుపోయే ఇంగ్లీషు రూపం ఖర్చులో కొంత తిరిగి తెస్తుంది. మన విజయా వారు 1957లో 'మాయాబజార్'ను తెలుగు, తమిళాల్లో తీసినప్పుడు ఎస్వీ రంగారావు రెంటిలోనూ ఘటోత్కచుడే అయినట్టు, ఇక్కడ రెండు భాషల్లోనూ బెయిన్ మాడకే.

ఇది నటుడికి ఎంత పరీక్షో ఆలోచించండి. శవం దగ్గర వంగి ఒక తల్లికి కబురు చెప్పాలి. ఒకసారి చెప్పి, కన్నీళ్లు తుడుచుకుని, మళ్లీ అదే దుఃఖం ఇంకో భాషలో. వాక్యం పొడవు మారుతుంది, ఊపిరి తీసుకునే చోటు మారుతుంది. చూపు ఎప్పుడు తిప్పాలో మారుతుంది. రెండోసారి చెప్పేది మొదటిదానికి అనువాదంలా వినిపించిందంటే నటన చచ్చినట్టే. అరవయ్యేళ్లు పైబడ్డ మాడక్ ఇది ఏళ్ల తరబడి చేశారు. దుబాసీగా విడిచిపెట్టిన పనినే, ఈసారి తన మాటగా చేశారు.

ఈ పద్ధతి మీద మాకొక భయం కూడా ఉంది. ఇంగ్లీషు రూపం అమ్ముడుపోవాలన్న ధ్యాస మొదలైతే, బయటివాడికి అర్థం కాని సామెత, ఊరి తగాదా, ప్రార్థనామందిరం రాజకీయం వెల్ష్ స్క్రిప్టులోంచి కూడా జారిపోవచ్చు. కానీ ఆ భయం పేరు చెప్పి ఆ తలుపు మూసేయమనడం మాకు సమ్మతం కాదు. కవిత్వంలో వెల్ష్‌కు లోటెప్పుడూ లేదు. లోటు హత్య చేసినవాడికి, లంచం పుచ్చుకున్నవాడికి, స్టేషన్‌లో టీ పోసేవాడికి వెల్ష్ మాటలు ఇచ్చి, ఆ మాటలు పలికినవాడికి జీతం ఇచ్చే చోటు లేకపోవడమే. మాతృభాషా దినోత్సవ సభలకు వెళ్లి వచ్చే మనలాంటివాళ్లం ఈ జీతం సంగతి ఎందుకో పెద్దగా మాట్లాడం.

మాడక్ 2012 మార్చి 5న, 77వ ఏట చనిపోయారు. మరుసటి ఏడాదే 'హింటర్‌ల్యాండ్' అనే మరో నేరపరిశోధన ధారావాహిక అదే రెండు భాషల పద్ధతిలో వచ్చి వేల్స్ దాటి చాలా దేశాలకు చేరింది. 2017లో 'కీపింగ్ ఫెయిత్' కూడా అలాగే వచ్చింది. దాని కథానాయిక ఈవ్ మైల్స్‌కు అప్పటికి వెల్ష్ ధారాళంగా రాదు. టెలివిజన్‌లో పేరు తెచ్చుకున్న నటి, నలభై ఏళ్లకు చేరువలో, ఆ పాత్ర కోసం కూర్చుని వెల్ష్ నేర్చుకుంది. వెల్ష్ రూపమే ముందు ప్రసారమైంది.