కోటలో ఇల్లు కొందామనుకున్నా

గండికోట రీల్ మీ ఫోన్‌లోకి ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది? రెండు వైపులా ఎర్రటి రాతిగోడలు, మధ్యలో పెన్నా, అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్న కుర్రాడు, వెనక మాంచి బీజీఎం. కెమెరాను ఒక్కసారి వెనక్కి తిప్పితే ఏముంటుందో మాత్రం ఎవరూ చూపించరు. ఊరుంటుంది. కోట గోడల లోపలే ఇళ్లు, వాకిళ్లలో మంచాలు, ఆరేసిన బట్టలు. మొన్న సంక్రాంతి సెలవుల్లో నేను ఆ ఊళ్లో ఇల్లు కొందామని వెళ్లాను.

ఈ పిచ్చి నాకు ఒక జూమ్ కాల్‌లో పట్టుకుంది. మా క్లయింట్ టీమ్‌లో ఒకాయన ఇంగ్లండ్‌లో ఏదో చిన్న పల్లెలో మూడొందల ఏళ్ల ఇల్లు కొన్నాడు. కిటికీ మార్చాలన్నా కౌన్సిల్ పర్మిషన్ కావాలని వారం వారం విసుక్కుంటాడు. ఆ విసుగులో బోలెడంత గర్వం. నాకేమో బెంగళూరులో పద్నాలుగో అంతస్తు, పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో తెలీదు. మాది ప్రొద్దుటూరు. చరిత్ర ఉన్న ఊరు కావాలంటే మనకు ఇంగ్లండ్ దాకా ఎందుకు, జమ్మలమడుగు దాటితే పదిహేను కిలోమీటర్లు కదా అనిపించింది.

ఆ ఊరి చరిత్ర తక్కువేం కాదు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట. 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆయన్ని వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చాడు. 1800లో నిజాం సీమ జిల్లాలను కంపెనీకి రాసిచ్చినప్పుడు ఇదీ వాళ్ల చేతికి పోయింది. ఇప్పుడు మసీదు, మాధవరాయ గుడి, ధాన్యాగారం పురావస్తు శాఖ కింద ఉన్నాయి. ఊరు మాత్రం ఊరివాళ్లదే.

తెలిసినవాళ్లు చెప్పిన ఇల్లు ఒక పెద్దాయనది. కొడుకు కువైట్‌లో. "యా ఊరు నాయనా మీది?" అని అడిగి, ప్రొద్దుటూరు అనగానే మజ్జిగ ఇచ్చాడు. ఆ తర్వాతే తలుపు తీశాడు.

అసలు సిసలు మిద్దె. మూరన్నర మందం రాతిగోడలు, కింద కడప బండలు. పైన దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, ఆ పైన కర్రలు, మన్ను, అన్నిటికన్నా పైన చౌడు. చౌడు అంటే పంట పండని ఉప్పుమన్ను. చేలో ఉంటే రైతుకు ఏడుపే, మిద్దె మీద మాత్రం అదే వాటర్‌ప్రూఫింగ్. వాన పడితే మెత్తబడి సందులన్నీ మూసుకుపోతాయి, నీళ్లు కిందికి దిగవు. నడిమింట్లో పైన గవాచి, అందులోంచి నేలమీద చాపంత వెలుతురు. బయట ఎండ మండిపోతోంది, లోపల ఫ్యాన్ ఆపేసినా హాయిగా ఉంది. నేను ఆ బండల మీద కూర్చుని మనసులో అప్పుడే ఇంటీరియర్ మొదలెట్టేశా. ఇటు అటాచ్డ్ బాత్రూమ్, అటు గాజు కిటికీ, పైన ఒక రూమ్, వీకెండ్‌కి హోమ్‌స్టే.

పైన రూమ్ అనగానే పెద్దాయన నవ్వాడు. ఎందుకు నవ్వాడో రాత్రి ఫోన్‌లో చట్టం చదివాక అర్థమైంది. 1958 నాటి పురావస్తు చట్టానికి 2010లో సవరణ తెచ్చారు. రక్షిత కట్టడం హద్దు నుంచి వంద మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు. మరమ్మతుకైనా అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాత ఇంకో రెండొందల మీటర్లు అనుమతితోనే కట్టాలి. మీరితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. గూగుల్ మ్యాప్స్‌లో మసీదు నుంచి ఆ ఇంటికి గీత గీశా. డెబ్బై మీటర్లు. మసీదునే హద్దనుకున్నా ఇంతే, నా పైన రూమ్ అక్కడే కూలిపోయింది.

కాగితాల సంగతి ఇంకోటి. ఇలాంటి పాత ఊళ్లలో ఇళ్ల జాగాలు చాలావరకు గ్రామకంఠం. తాతలనాటి నుంచి ఉంటున్నారు, ఇంటిపన్ను కడుతున్నారు, కానీ పేరు మీద పట్టా ఉండదు. 2020లో కేంద్రం స్వామిత్వ పథకం మొదలెట్టి, డ్రోన్లతో కొలిచి కార్డులు ఇవ్వడం ఇందుకే. ఈసీ చూసి లోన్ ఇచ్చే బ్యాంకును గ్రామకంఠానికి ఒప్పించడం, మా మేనేజర్ చేత లీవు ఒప్పించడం కన్నా కష్టం.

ఇంగ్లండాయనకు ఇదంతా చెప్తే లాకాక్ అనే ఊరి సంగతి చెప్పాడు. హ్యారీ పోటర్ సినిమాల్లో అక్కడి మఠం కనబడుతుంది. ఆ ఊరిని 1944లో నేషనల్ ట్రస్టుకు ఇచ్చేశారు. ట్రస్టు ఇళ్లు దాదాపుగా అమ్మకానికి రావు, బాడిగకే. కొనలేని చోట ఉండొచ్చన్న మాట. మనకు ఉల్టా. కొనేసి ఉండకపోవడమే ఎక్కువ. హోమ్‌స్టే ప్లాన్‌లో నేను చేయబోయింది అదే కదా.

మర్నాడు వెళ్తే పెద్దాయన ధర మాటే ఎత్తలేదు. "నువ్వు ఈడ ఉంటావా, వచ్చి పోతాంటావా?" అన్నాడు.

"శని, ఆదివారాలు వస్తా పెదనాయనా."

"మిద్దెకు శనివారం తెలీదు నాయనా. వానలకు ముందు ఏటా చౌడు పొయ్యాల. వాన రాత్రి పడితే రాత్రే లేసి గవాచి మూయాల. మనిషి లేకపోతే రెండేండ్లు. మొదట దంతె పుచ్చుతాది, ఆమీట దూలం." వీధి చివర కూలిన మిద్దె ఒకటి చూపించాడు. గోడలు నిలబడే ఉన్నాయి, లోపల మన్నుదిబ్బ, దాని మీద కంపచెట్టు. ఆ ముందురోజు నేను దాని ముందు నిలబడి సెల్ఫీ దిగాను. ఏదో నవాబుల కాలం శిథిలం అనుకున్నా. అందులోవాళ్లు పదేళ్ల కింద ఊరు వదిలారట.

నాకు మాట రాలేదు. నిజం చెప్పాలంటే, అక్కడ ఏడాది పొడుగునా ఉండగలనని నాకే నమ్మకం లేదు. మే నెలలో నలభై రెండు డిగ్రీలు, నీళ్ల సంగతి, ఆస్పత్రి కావాలంటే జమ్మలమడుగు.

ఆయనే ఒక దారి చెప్పాడు. "కొనేది తర్వాత చూస్తాంలే. ఈ మే నెల వచ్చి ఉండు. బాడిగ వద్దు. చౌడు మాత్రం నువ్వే మోసి పొయ్యాల."

మిద్దెక్కి ఫోన్ చూశా. సిగ్నల్ రెండు గీతలు, అదీ మసీదు వైపు తిరిగి నిలబడితే. మే నెలంతా వర్క్ ఫ్రమ్ హోమ్ కావాలని అక్కడి నుంచే రిక్వెస్ట్ పెట్టా. లొకేషన్ అన్నచోట గండికోట అని కొట్టా. ఇది రాసేటప్పటికి ఇంకా పెండింగ్‌లోనే ఉంది.