చిత్రిక పట్టడమంటే...

ముప్పైమూడేళ్ళు బడిలో తెలుగు చెప్పాను. "కవి గ్రామజీవితాన్ని చక్కగా చిత్రిక పట్టాడు" అనే వాక్యాన్ని ఎన్ని జవాబు పత్రాలలో చూసి మార్కులు వేశానో లెక్క లేదు. నేనూ అలాగే వ్రాశాను. సన్మాన పత్రాలలో వ్రాశాను, పుస్తక పరిచయాలలో వ్రాశాను. చిత్రిక అనగానే చిత్రం గుర్తుకు వస్తుంది గదా! బొమ్మ కట్టించడమనే అర్థంలో అందరూ వాడుతున్నారు, నేనూ వాడాను. అది వడ్రంగి పనిముట్టు పేరని తెలియక కాదు, పట్టించుకోక.

ఈ ఏడు సంక్రాంతి వెళ్ళిన తరువాత ఇంట్లో ఒక చెక్కబల్ల చేసుకున్నాను. అప్పుడు ఆ చిత్రిక మొదటిసారి నా చేతికి వచ్చింది. ఆ ముచ్చట, దానితోపాటు అప్పటినుండి నన్ను తొలుస్తున్న మరొక మాట మీతో చెప్పుకుందామని వ్రాస్తున్నాను.

మా ఇంటావిడకు మోకాళ్ళ నొప్పులు. నేలమీద కూర్చుంటే లేవలేదు. వసారాలో ఇద్దరు కూర్చునేటంత బల్ల ఒకటి కావాలన్నది. దుకాణానికి వెళ్ళి చూశాము. పైకి టేకులాగే ఉంది. వంగి అడుగున చూస్తే, చెక్కపొట్టును జిగురుతో కలిపి అదిమిన పలక. దానిమీద టేకు చారలు అచ్చువేసిన పొర. జల్లు కొట్టే వసారాలో అది నీరు పీల్చి ఉబ్బి విచ్చుకుంటుంది. వద్దనుకుని వచ్చేశాము. అటకమీద, మా ఊళ్ళోని పాత ఇల్లు విప్పినప్పుడు నా వాటాకు వచ్చిన టేకు తలుపు చెక్క, ఒక వేపదూలం ముక్క ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. తెలిసిన మేస్త్రిని అడిగితే, "ఒక్క బల్లకోసం రోజు పోతుంది మాస్టారూ, అపార్టుమెంటు పని ఒప్పుకున్నాను. సామాను ఇస్తాను, మీరే చేసుకోండి" అని నవ్వాడు. అతడు వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం మరునాడు ఉదయమే వెళ్ళి రంపం, రెండు ఉలులు, కొయ్యసుత్తి, మూలమట్టం, చిత్రిక సంచిలో వేసుకుని వచ్చాను.

కొలతలు పెద్దవేమీ కావు. నాలుగడుగుల పొడవు, పదకొండు అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం గల పలక ఒకటి. దానికి వేపకొయ్యతో నాలుగు కాళ్ళు. నేలనుండి పదిహేడు అంగుళాల ఎత్తు. ఇంతే.

ముందు పలకమీది పాత రంగు, మసి పోవాలి. చిత్రిక పట్టుకుని బలమంతా పెట్టి తోశాను. అది ఎగిరెగిరి పడింది. పలక నునుపు కావడానికి మారుగా పేళ్ళు లేచాయి. సాయంత్రం మేస్త్రి అటుగా వచ్చి చూశాడు. అరచేతితో చెక్కను ఒకసారి నిమిరి, పలకను అటుదిటు తిప్పి పెట్టాడు. "నార ఎటు పోతే అటే పోవాలండి. పిల్లిని తోకవైపు నుంచి నిమిరితే ఊరుకుంటుందా?" అన్నాడు. మళ్ళీ తోశాను. ఈసారి చెక్కపొర సన్నని రిబ్బనులా చుట్టలు చుట్టుకుంటూ పైకి వచ్చింది. మసి కింద తేనెరంగు టేకు కనిపించింది. అటకమీద అన్నేళ్ళు పడి ఉన్న కొయ్యలోనుండి ఆ కమ్మని వాసన ఎలా వచ్చిందో!

చిత్రిక పట్టడమంటే ఇదన్నమాట. ఉన్నదానిని బొమ్మ కట్టి చూపడం కాదు. ఎక్కువైనదానిని పొరలు పొరలుగా తీసివేసి, ఎత్తుపల్లాలు సరిచేయడం. కవి గ్రామజీవితాన్ని చిత్రిక పట్టలేడు. తన వాక్యాన్ని చిత్రిక పట్టుకోవచ్చు, పట్టుకోవాలి కూడా. అన్నేళ్ళు తప్పు వాక్యానికి నేను మార్కులు వేశాను.

ఆ తరువాత ఒక్కొక్క మాటా ఇలాగే ఎదురుపడింది. వేపదూలాన్ని కోస్తే, వెలుపలి తెల్లని భాగాన్ని చెదలు తినివేశాయి. లోపలి ఎర్రని భాగం జోలికి పోలేదు. ఆ లోపలిదే చేవ. "చేవగల కుర్రవాడు" అని తరగతిలో ఎన్నిసార్లు అన్నానో! చెట్టు ముదిరితేగాని ఏర్పడనిదనీ, పైకి కనిపించనిదనీ, పై భాగం పోయినా నిలిచేదనీ కొయ్యను చూస్తేగాని నా మనసుకు ఎక్కలేదు.

కాళ్ళు బిగించడానికి మేకులు వాడలేదు. కాలి పైకొనను సన్నంగా చెక్కి, పలకలో అదే కొలతకు చదరపు రంధ్రం తొలిచి దిగగొట్టాలి. మొదటి రంధ్రం కాస్త పెద్దదైంది. "రెండు నూళ్ళు వదులు చేశారండి" అన్నాడు మేస్త్రి. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నూలంటే దారమే. సంస్కృతంలో దారం సూత్రం. నాటకాన్ని నడిపేవాడు సూత్రధారుడని నేను పాఠం చెప్పాను. సంస్కృతంలో ఆ మాట వడ్రంగికీ ఉన్నదని, బెంగాలులో వడ్రంగులకు నేటికీ సూత్రధర్ అనే పేరున్నదని, మరాఠీలో సుతార్ అంటారని మాత్రం ఏనాడూ చెప్పలేదు. తక్ష, వర్ధకి, త్వష్ట, రథకార, కాష్ఠతట్ అని అమరకోశం చెప్పే అయిదు పేర్లూ ఒక్క ఊపిరిలో వల్లించగలవాడిని. ఆ పేరుగల మనిషి చేసే పనిని మాత్రం దగ్గర కూర్చుని చూసిన పాపాన పోలేదు.

వదులైన కాలికి మందు కూడా అతడే చెప్పాడు. కాలి కొనను రంపంతో నిలువుగా చీల్చి, బల్లలో దిగిన తరువాత ఆ చీలికలో సన్నని కొయ్యచీలను పైనుండి కొట్టాలి. ఆ చీల పలక నారకు అడ్డంగా ఉండాలి. నార వెంబడి ఉంటే పలకే పగులుతుంది. కొట్టగానే కాలు కదలకుండా కూర్చుంది. పద్యానికి బిగి ఉండాలని అందరం అంటాము. కదిపి చూస్తే కదలనిది బిగి అని ఆ రోజు అరచేతికి తెలిసింది.

అంతా అయ్యాక నిలబెడితే బల్ల ఊగింది. ఒక కాలు కొంచెం కోశాను. ఇంకొకవైపు ఊగింది. రెండోది కోశాను. పిల్లుల రొట్టె పంచిన కోతి కథలాగా అంగుళం ఎత్తు హరించుకుపోయింది. "పనిగల మేస్త్రి పందిరి వేస్తే కుక్కతోక తగిలి కూలిందట" అన్నది మా ఇంటావిడ. చివరకు మేస్త్రి చెప్పినట్లు, బల్లను సమమైన నేలమీద నిలిపి, పొట్టి కాలికింద చెక్కపేడు పెట్టి ఊగకుండా చేసి, పెన్సిలును ఒక చిన్న చెక్కముక్కమీద ఆనించి నాలుగు కాళ్ళచుట్టూ ఒకే ఎత్తున గీత గీశాను. ఆ గీతలమీద కోస్తే సరిపోయింది. పదిహేడు అంగుళాల బల్ల పదిహేనున్నరకు దిగింది, కాని నిలిచింది.

ఇక నన్ను తొలుస్తున్న మాట చెబుతాను.

బల్ల అనగానే నాకు బడి బెంచీ గుర్తుకు వస్తుంది. పాఠం అప్పచెప్పని పిల్లవాడిని దానిమీద నిలబెట్టేవాళ్ళము. ఒక వడ్రంగిగారి అబ్బాయిని అలా నిలబెట్టి, అందరూ వినేటట్లు, "చదవకపోతే నీకు బాడితేరా గతి" అన్నాను. తరగతి నవ్వింది. వాడు తల వంచుకున్నాడు. వాడు నిలబడిన ఆ బెంచీ వాళ్ళ నాన్న చేసినదే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. అందులో తప్పున్నదని ఆనాడు తోచలేదు.

చదువుకు చేతిపని తోడు కావాలని ఈ దేశంలో ఎవరూ చెప్పక కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ చెప్పారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం పాఠశాల చదువులో భాగం కావాలన్నది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అనే పేరుతో అదే చెప్పింది. మా కాలపట్టికలో క్రాఫ్టు పీరియడు ఉండేది. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడును అడిగి తీసుకుని సంధులు, సమాసాలు చెప్పినవాడిని నేనే. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు ఒక పదిరోజులు సంచీ లేకుండా వెళ్ళి వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్చుకోవాలన్నది. మంచిమాటే. కాని పదకొండోరోజున మాస్టారు మళ్ళీ "నీకు బాడితే గతి" అంటే ఆ పదిరోజులూ ఏమైనట్టు?

మీలో కొందరు ఇక్కడ అడ్డుతగులుతారని తెలుసు. "మాస్టారూ, వడ్రంగి కొడుకు వడ్రంగే కావాలంటారా?" అని. ససేమిరా అనను. పుట్టుకతో పని కట్టిపెట్టిన ఏర్పాటు ఎంతమందిని అణచివేసిందో తెలియనివాడిని కాను. మా మేస్త్రి కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. అతడికి సంతోషం, నాకూ సంతోషమే. కాని కారణం అడిగితే అతడు చెప్పిన మాట వినండి: "వాడికి పని రాక కాదు మాస్టారూ. ఉలి పట్టుకున్నవాడికి పిల్లనెవరిస్తారండీ?" పని కష్టమనలేదు, కూలి చాలదనలేదు. మర్యాద లేదన్నాడు. ఆ మర్యాదను తీసివేసినవారిలో నావంటి బడిపంతుళ్ళ వాటా తక్కువేమీ కాదు. పుట్టుకతో రాసిపెట్టిన పనిగా ఒకప్పుడు ఉంది; చదువురానివాడి శిక్షగా మేము మార్చాము. ఇష్టపడి నేర్చుకునే విద్యగా, అందరి పిల్లలకూ అందే విద్యగా అది ఇంకా మారవలసి ఉంది.

ఇందులో నష్టపోయింది వడ్రంగి ఒక్కడే కాదు, భాష కూడా. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. అంతటి భాషావేత్త మాటలకోసం పనిచేసేవారి నోటిని ఆశ్రయించారు. మేము మాత్రం ఆ నోటిమాటలను అలంకారాలుగా తెచ్చుకుని, ఆ చేతిని గుమ్మం బయటే నిలబెట్టాము. చేతినుండి విడిపోయిన మాట కొన్నాళ్ళకు అర్థంనుండి కూడా విడిపోతుంది. చిత్రిక చిత్రమైపోయింది అలాగే.

బల్ల వసారాలో ఉంది. ఒకవైపు పేళ్ళు లేచిన మచ్చ అలాగే ఉంచాను. మా ఇంటావిడ దానిమీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నది. ఎత్తు చాలలేదని రోజూ ఒకసారి అంటుంది, లేచేటప్పుడు నా చేయి అందుకుంటుంది.

ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో వాకబు చేస్తున్నాను. దొరికితే చెప్పవలసిన మాట ఒకటి ఉంది.

మీకొక మనవి. మీ ఊరి వడ్రంగి పనిముట్లను, కొలతలను, అతుకులను ఏయే పేర్లతో పిలుస్తారో, ఆయన పని చేస్తుండగా దగ్గర కూర్చుని విని వ్రాసిపెట్టండి. వీలైతే నాకూ తెలియజేయండి. ఈసారి పుస్తకం గురించి వ్రాస్తూ "చిత్రిక పట్టారు" అనబోయే ముందు, ఒక్కసారి ఆ చిత్రికను చేతపట్టి చూడండి.

స్వస్తి.