వాకిలి ఎవరిది? మంచు ఎవరిది?

"డ్రైవింగ్ నేర్చుకోమ్మా, అన్ని బాధలూ తీరిపోతాయి." పిట్స్‌బర్గ్‌లో కాలుపెట్టినప్పటి నుంచి తోటి తెలుగువాళ్లు నాకిచ్చిన సలహా ఇది. మగవాళ్లూ ఇచ్చారు, ఆడవాళ్లూ ఇచ్చారు. 1976 నుంచి పెన్‌హిల్స్ కొండమీద ఉన్న వెంకటేశ్వరస్వామి గుడిలో, ప్రసాదం వరసలో నిలబడ్డప్పుడూ ఇచ్చారు. కారు లేకుండా ఆ గుడికి నేను ఒక్కసారి కూడా చేరలేదు కాబట్టి ఆ మాటలో కొంత నిజముందని ఒప్పుకుంటాను. ఆ నిజం వెనక దాక్కున్న అన్యాయంతోనే నా తగాదా.

పోయిన చలికాలం ఒకరోజు మా పాపకి జ్వరమొచ్చింది. ఉన్న ఒక్క కారూ నా భర్తతో ఆఫీసుకి వెళ్లిపోయింది. బస్సులో డాక్టరు దగ్గరికి వెళ్దామని స్ట్రోలర్ తోసుకుంటూ బయల్దేరాను. రోడ్డు అద్దంలా ఉంది. నగరపాలక సంస్థ బండ్లు తెల్లవారేలోగా మంచు తోసేశాయి. ఎక్కడికి తోశాయి? ఫుట్‌పాత్ అంచుకి. స్ట్రోలర్ దిగడానికి మూలమీద కట్టిన వాలు, మోకాలెత్తు మంచుగుట్ట కింద పూడిపోయింది. చేసేదిలేక రోడ్డుమీదే నడిచాను. వెనకనుంచి కారు హారన్ కొట్టింది. కంగారులో పక్కకి జరగబోయి గడ్డకట్టిన నీళ్లమీద పడ్డాను. స్ట్రోలర్ నా చేతిలోంచి జారి రెండు గజాలు ముందుకెళ్లి ఆగింది. పాపకేం కాలేదు. నా మణికట్టు మూడు వారాలు పనిచెయ్యలేదు. ఇంటికొచ్చాక అందరూ అడిగింది ఒకే ప్రశ్న: "అసలు బయటికెందుకెళ్లావు?"

ఈ ప్రశ్న మనకి కొత్తదా?

ఈ ఊళ్లో చట్టం ఇలా ఉంది. రోడ్డుమీద మంచు తియ్యడం నగరం బాధ్యత. ఇంటిముందు ఫుట్‌పాత్ మీద మంచు ఆగిన 24 గంటల్లోగా తియ్యడం ఆ ఇంటివాళ్ల బాధ్యత. ఫుట్‌పాత్ పగిలితే బాగుచేయించుకోవాల్సిందీ వాళ్లే. వినడానికి సబబుగానే ఉంటుంది. మరి ఆ ఇల్లు ఖాళీగా పడుంటే? యజమాని వేరే రాష్ట్రంలో ఉంటే? ఇంట్లో ఉన్నది డెబ్భై ఏళ్ల ఒంటరి ముసలమ్మ అయితే? పది ఇళ్లవాళ్లు తీసి పదకొండోవాళ్లు తియ్యకపోతే దారి అక్కడితో ఆఖరు. కారు వెళ్లే దారిని మాత్రం ఇలా ఇంటికింత అని ఎవరూ పంచరు.

నాకిక్కడ మా అమ్మమ్మ చీపురు గుర్తొచ్చింది. వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లడం ఇంటిపని, కాబట్టి ఆడదాని పని. వీధి మాత్రం ఊరిది, అంటే మగవాళ్లది. సాహిత్యంలో ఇల్లు, బయట అనే విభజన మీద నేను నాలుగేళ్లు పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నాను. ఆ విభజనని అమెరికా నగరపాలనలో ఇంత కొట్టొచ్చినట్టు చూస్తానని అనుకోలేదు. నడిచే దారి ఇంటిపని లెక్కలోకి వచ్చింది. కారు దారి ప్రజాప్రయోజనం అయింది.

నడిచేది ఎవరు? తెల్లవారుజామున బస్టాపు దగ్గర నాకు రోజూ కనిపించే ఒక నల్లజాతి స్త్రీ ఉంది. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి వాళ్లకి స్నానాలు చేయించి, మందులిచ్చే పని ఆమెది. మంచు పడ్డరోజు పనికి సెలవుండదు. బస్టాపు మంచులో మునిగితే ఆమె రోడ్డుమీదే నిలబడుతుంది. ఆమెకి కూడా డ్రైవింగ్ నేర్చుకోమనే చెబుదామా? ఆమెకి డ్రైవింగ్ వచ్చు. లేనిది కారు.

ఇంక నాలాంటివాళ్ల సంగతి. 2015లో వచ్చిన నియమంతో హెచ్-4 వీసామీద ఉన్న కొందరికి పనిచేసే హక్కు దొరికింది. అదైనా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటాకే. సంపాదన లేనిదానికి రెండో కారు 'దండగ ఖర్చు'. వీసా ఇంట్లో కూర్చోబెడితే, మంచు వచ్చి గడియ పెడుతుంది.

డబ్బు లేదంటారు. 2022 జనవరి 28న ఇక్కడి ఫెర్న్ హాలో వంతెన బస్సుతో సహా కూలింది. అదే ఏడాది డిసెంబరుకల్లా కొత్తది కట్టేశారు. కట్టాల్సిందే, ఎవరు కాదన్నారు? కానీ ఈ కొండల ఊళ్లో 700కు పైగా మెట్లదారులున్నాయి. ఒకప్పుడు ఉక్కు కార్మికులు మిల్లుల్లోకి దిగిన దారులవి. వాటిలో కొన్ని ఏళ్లతరబడి మూతపడి ఉన్నాయి. వాటికి ఆ తొందర ఏది? 2011లో బస్సు సర్వీసుల్ని 15 శాతం తగ్గించారు. 2025లో 35 శాతం కోత పెడతామన్నారు. కొత్త బస్సులకీ మరమ్మతులకీ ఉంచిన నిధుల్ని రోజువారీ ఖర్చుకి మళ్లించి గండం వాయిదా వేశారు.

స్వచ్ఛందంగా సాయం చేసేవాళ్లున్నారు కదా అంటారు. ఉన్నారు, పక్కింటి ముసలమ్మ వాకిట్లో మంచు తీసే మంచివాళ్లున్నారు. వాళ్లకి నా దండాలు. కానీ రోడ్లని మంచితనానికి వదిలెయ్యని ప్రభుత్వం ఫుట్‌పాత్‌లనే ఎందుకు వదిలేస్తోంది?

స్వీడన్‌లో కార్ల్‌స్కూగా అనే చిన్న పట్టణం 2011లో ఈ వరస తిరగేసింది. ముందు నడకదారులు, తర్వాత పెద్ద రోడ్లు. మూడంగుళాల మంచులో కారు నడపడం కన్నా స్ట్రోలర్ తొయ్యడం కష్టమని వాళ్లకి అర్థమైంది. ఇది అర్థం కావడానికి స్త్రీవాదం చదవాల్సిన పనిలేదు, ఒక్కసారి స్ట్రోలర్ తోస్తే చాలు.

అమెరికా యాత్రాకథనాలు రాసే మన పెద్దలకి ఒక విన్నపం. ఇక్కడి రోడ్ల నునుపు గురించి చాలా రాశారు. ఈసారి వచ్చినప్పుడు కారు దిగి, జనవరిలో, ఒక చంటిపిల్లతో బస్టాపు దాకా నడవండి. ఆ తర్వాత రాయండి.

మణికట్టు నయమయ్యాక నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చింది. ఆ స్త్రీ ఇంకా రోడ్డుమీదే నిలబడుతోంది. అందుకే ఈ తగాదా తీరలేదు.